కడిగేసిన కంప్యూటర్

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూడగానే మమత కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

గుట్కా నమిలి నమిలి పళ్లు ఎర్రబారాయి. చొక్కా చంకల్లో చెమట ఎండి తెల్లటి చారలు కట్టింది. చెప్పులైతే విప్పాడుగానీ, ఆ పాదాలకు పట్టిన బొగ్గుమసి ముందు చెప్పులే నయం.

"నా పేరు సదయ్య. కంప్యూటర్ బాగుచేస్తనమ్మా," అన్నాడు.

"ఖరాబైందని నీకెవలు చెప్పిన్రు?"

"మీ అఖిల చెప్పింది."

పదేళ్ల బిడ్డ పేరు ఆ నోట వినేసరికి మమతకు చీదర పుట్టింది. వీడికి నా బిడ్డ ఎట్లా తెలుసు?

నాలుగు రోజులుగా కంప్యూటర్ మూలన పడి ఉన్న మాట మాత్రం నిజం. విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. కరెంటు పుట్టేది వాళ్లుండే గోదావరిఖని పక్కనున్న ప్లాంటులోనే. అయినా దీపం కింద చీకటి తప్పదు కదా. మళ్లీ ఆన్ చేస్తే నీలం తెర, దాని మీద అర్థం కాని ఇంగ్లీషు.

చౌరస్తాలో షాపు నడిపే బిక్షం వచ్చి చూశాడు. ఫార్మాట్ కొట్టాల్సిందే, లోపలున్నదంతా పోతుందని తేల్చాడు.

ఆ మాట విని అఖిల అన్నం మానేసింది. బడి వార్షికోత్సవంలో తనూ తన క్లాసు పిల్లలూ ఆడిన కోలాటం అందులోనే ఉంది. వాళ్ల నాయిన జైపాల్ దోస్తు కెమెరా అడిగి తెచ్చి తీసిన వీడియో. ఫోటోలంటే ఆల్బంలో ఉన్నాయి. కోలాటం మరెక్కడా లేదు.

జైపాల్ పనిమీద బెల్లంపల్లి పోయాడు. బిడ్డ ఏడుపు మొహం గుర్తొచ్చి, మమత ఆ మనిషిని లోపలికి రానిచ్చింది. తలుపు మాత్రం బార్లా తీసి పెట్టింది.

సదయ్య సంచిలోంచి ఒక సీడీ తీశాడు. ఫార్మాట్ కొట్టకుండా, ఉన్నదాని మీదనే విండోస్ మళ్లీ ఎక్కించి చూస్తానన్నాడు. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగింది. విసుక్కోలేదు, లేవలేదు. మధ్యలో దగ్గొచ్చి వాకిట్లోకి వెళ్లి ఉమ్మి వస్తే, ఆ చోట మమత బకెట్టెడు నీళ్లు గుమ్మరించింది. అతను నీళ్లు తాగిన గ్లాసును బయటే ఉంచేసింది.

మధ్యాహ్నానికి కంప్యూటర్ బతికింది.

మమత మనసు కాస్త మెత్తబడింది. పాపం, పొద్దుటి నుంచి కూర్చున్నాడనుకుని చాయ్ పెట్టింది. గ్లాసు పట్టుకొచ్చేసరికి లోపల పాట మోగుతోంది.

తెర మీద కోలాటం. పట్టు లంగాల పిల్లలు గుండ్రంగా తిరుగుతున్నారు. సదయ్య మొహం తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టాడు. ఆపుతున్నాడు, వెనక్కి తిప్పుతున్నాడు, మళ్లీ ఆపుతున్నాడు. ఎర్రటి నోరు తెరుచుకుని నవ్వుతున్నాడు. వేలు చాపి తెర మీది పిల్లను నిమిరాడు.

అప్పుడే కంప్యూటర్లోంచి ఇంకో సీడీ బయటికొచ్చింది. కోలాటం అందులోకి ఎక్కించుకున్నాడు!

మమత చాయ్ గ్లాసును ఠపీమని కింద పెట్టింది. ఛీ, వీడి బతుకు చెడ. పసిపిల్లల మీద కన్నేసిన వాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి తను చాయ్ పోస్తోంది.

"ఏం జూస్తున్నవ్‌రా?"

సదయ్య అదిరిపడి లేచాడు. "గా చివరున్న పోరి..."

"నోర్ముయ్. బయటికి నడు."

సీడీ లాక్కుని అతని కళ్ల ముందే పుటుక్కున విరిచేసింది. సదయ్య సంచి భుజాన వేసుకున్నాడు. పైసల ఊసెత్తలేదు. వంగి ముక్కలు ఏరుకుని, చెప్పులు చేత్తో పట్టుకునే వెళ్లిపోయాడు.

ముక్కలు కూడా వదల్లేదు చూడు, అని మమతకు మరింత రోత పుట్టింది.

ఫినాయిల్ పోసి గది కడిగింది. ఉప్పూ మిరపకాయలూ తీసి, బిడ్డ వచ్చాక దిష్టి తీయాలని పక్కన పెట్టింది. అయినా మనసు ఒప్పుకోలేదు. వాడి కళ్లు పడ్డ ఆ ఆట ఇంట్లో ఉన్నంతసేపూ తనకు ముద్ద దిగదు. బిక్షానికి ఫోన్ చేసి పిలిపించింది.

మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు ఫార్మాట్ కొట్టడమని బిక్షం బిత్తరపోయాడు. అంత పాడుమాట పరాయి మగవాడితో ఎట్లా చెప్తుంది?

"లోపల ఒక్కటి గూడ ఉండొద్దన్నా. అంత కడిగెయ్యి," అంది.

బిక్షం కడిగేసి పోయాడు. మమతకు అప్పటికిగానీ ఊపిరి ఆడలేదు.

సాయంత్రం అఖిల పరుగెత్తుకుంటూ వచ్చింది. పుస్తకాల సంచి భుజం మీదే ఉంది. కోలాటం వస్తుందా అని అడిగింది. లేదు, పోయిందని మమత చెప్పింది. పిల్ల మొహం ముడుచుకుపోతుంటే దగ్గరికి తీసుకుంది.

"ఏడ్వకు బిడ్డా. వచ్చే యేడు మళ్ల ఆడుతవు గద. మీ నాయిన మళ్ల తీస్తడు."

"నేను ఆడుత," అంది అఖిల. "స్వప్న ఎట్ల ఆడుతది?"

వానాకాలంలో జ్వరమొచ్చి అఖిల క్లాసు పిల్ల ఒకతి చనిపోయిందని మమత అప్పట్లో విన్నది. అయ్యో అనుకుని మరిచిపోయింది.

"గా పిల్ల కోలాటంల ఉన్నదా?"

"చివరికి ఉన్నది. అది ఆడంగ, నవ్వంగ తీసింది గదొక్కటే అమ్మా. గందుకే పొద్దుగాల నేనే మనిల్లు చూపెట్టి పంపిన, స్వప్న వాళ్ల నాయినను."