ఇటలీ నవ్వు

అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి, నిదానంగా రాశాను.

తాటిపాక చమురు బావుల దగ్గర పనిచేసినప్పుడు ఇటలీ ఇంజినీరు ఇచ్చిన సంగీత హాస్యనాటకం క్యాసెట్టుని ప్రభాకరరావు రోజూ దీపాలు పెట్టాక వినేవాడు. ఒక బొంగురు గొంతు గడగడా పాడగానే నవారు మంచం మీద పడీపడీ నవ్వేవాడు. కింద కూర్చున్న భార్య కరుణమ్మ అర్థం అడిగితే, "ఊరుకోవే, నీకు తెలీదు" అనేవాడు.

అతను పోయిన నెలకి ఆమె కసికొద్దీ ఆ క్యాసెట్టు పెట్టింది. మధ్యలో కరెంటు పోయి పాట ఆగిపోయింది. కాసేపటికి, సరిగ్గా ఆ బొంగురు గొంతు రావలసిన సమయానికి, చీకట్లో మంచం మీంచి నవ్వు వినబడింది.

కరుణమ్మకి ఒళ్లు మండిపోయింది.

"ఇన్నేళ్లూ ఒక్కరే నవ్వుకున్నారు. పోయేక కూడా అంతేనాండీ? నేను మనిషిని కానా?"

నవ్వు ఆగింది. ఎవరో పక్కకి జరిగి చోటిచ్చినట్టు మంచం కిర్రుమంది.

ఆమె కూర్చోలేదు.

"ముందు అర్థం చెప్పండి," అంది.

— నేలపూడి రత్నకుమారి, 68 ఏళ్లు, ప్రస్తుతం రాజోలు.