పెట్రోలు మూత

కారు మళ్ళీ ఆగిపోయింది.

వంతెన మీద, సరిగ్గా నడిమధ్యన.

ఫోన్లో కూతురు ఆ మాట చెప్పగానే ఆమె చేతిలోని గరిటె జారి పొయ్యి మీద పడింది.

“కంగారు పడకమ్మా, బతికే ఉన్నా,” నవ్వింది కూతురు.

“నోర్ముయ్! ఏం మాటలవి? వెనకాల లారీలున్నాయా?”

“ఉన్నాయి. రోజూ వచ్చే బాబాయే వచ్చి పక్కకి తోశాడు. కాసేపాగి తాళం తిప్పితే స్టార్టయింది. వార్డుకి కూడా వచ్చేశాను.”

“ఏ తల్లి కన్న బిడ్డో, చల్లగా ఉండాలి! ఒక్కసారి ఇంటికి తీసుకురావే. కడుపునిండా అన్నం పెడతాను.”

తోపుడు బాబాయ్. కూతురు పెట్టిన పేరు అది. పొద్దున్నే వంతెన మీద నడకకి వచ్చే మనిషట. అంతకుమించి ఏమీ తెలియదు. ముఖమైనా చూడని ఆ మనిషి బాగుండాలని ఆమె రోజూ మనసులో దణ్ణం పెట్టుకునేది.

కారు ఆమె భర్తది. ఆయన పోయాక కూతురికి వచ్చింది. నర్సు ఉద్యోగం, వేళాపాళా లేని డ్యూటీలు. కారు మానెయ్యమంటే కుదరదు.

మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. పంపు మార్చాడు. వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు.

“షెడ్డులో ఎంతసేపు ఆన్ చేసి ఉంచినా ఆగదమ్మా. బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. రోడ్డెక్కాకే దీని వేషాలన్నీ,” అని చేతులెత్తేశాడు.

ఆమె మాత్రం తన జాగ్రత్త తను పడుతూనే ఉంది. కారులో పెట్రోలు వాసనొస్తోందని కూతురు ఎప్పుడో ఒకసారి అంది. అప్పటి నుంచి ఆమెకి కంటి మీద కునుకు లేదు. టీవీలో చూసిన తగలబడే కారే కళ్ళముందు ఆడేది. అందుకని పాల ప్యాకెట్ కవరు కడిగి, మడిచి, టాంకు నోటికి అడ్డంగా పెట్టి, దాని మీద మూత బిగించేది. బంకులో వాళ్ళు తీసి పారేస్తే ఇంటికి రాగానే ఇంకోటి పెట్టేది.

“మా అమ్మ చాదస్తం,” అని కూతురు వదిలేసింది.

ఆదివారం మధ్యాహ్నం కూతురు నిద్రపోతోంది. ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తూ కిందకి చూసింది.

కారు వెనకాల ఎవడో వంగి ఉన్నాడు. చేతిలో పెట్రోలు మూత.

“ఎవర్రా అది? దొంగ! పెట్రోలు దొంగ!”

అతను ఉలిక్కిపడి లేచాడు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, బక్కపలచటి మనిషి.

“కాదమ్మా! ఇది మీ అమ్మాయి కారేగా? నేనూ...”

మీ అమ్మాయి! వీడు పెట్రోలు కోసం రాలేదు. పిల్ల వెంట పడ్డాడు. ఇల్లు కూడా కనుక్కున్నాడు.

“నా కూతురు నీకెలా తెలుసురా? వీధిలో ఎవరూ లేరా? రండయ్యా!”

ఎదురింటి టైలరు మిషను వదిలేసి మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఇంకొందరు. కాలరు పట్టుకుని లాగారు. కళ్ళజోడు కిందపడి ఒక అద్దం చిట్లింది.

“దీనికి గాలి ఆడట్లేదయ్యా, ఈ కవరు...”

“నీకూ ఆడకుండా చేస్తాం, పద!” అన్నాడు టైలరు.

“ఇంకోసారి ఈ ఛాయల్లో కనిపించావో, కాళ్ళు విరగ్గొట్టిస్తా!” పైనుంచి అరిచింది ఆమె.

అతను కళ్ళజోడు ఏరుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ కాలు ముందునుంచీ అంతేలా ఉంది.

ఆమె కిందకి దిగి, పడి ఉన్న కవరు తీసింది. ఈసారి రెండు పొరలుగా మడిచి పెట్టి మూత బిగించింది.

కూతురికి చెప్పలేదు. పిల్ల బెదిరిపోతుందని.

మర్నాడు పొద్దున తనూ కారెక్కి కూర్చుంది, ఒళ్ళో క్యారియరుతో.

“నువ్వెందుకమ్మా?”

“ఊరికేనే. తోపుడు బాబాయ్‌కి అన్నం ఇచ్చినట్టుంటుంది.”

దారి పొడుగునా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, వాడు గానీ వస్తున్నాడేమోనని.

వంతెన నడిమికి రాగానే ఇంజను దగ్గింది. గుటకలు వేసింది. ఆగిపోయింది.

వెనక హారన్లు. అద్దం నిండా లారీ ముఖం.

ఆ లారీ పక్కనుంచి ఒక మనిషి వస్తున్నాడు. కాలు ఈడుస్తూ. చిట్లిన కళ్ళజోడుతో.

“వాడే! తలుపులు లాక్ చెయ్యవే! అద్దాలెత్తు!”

“ఎవరమ్మా?”

కారు కదిలింది. వంతెన అంచువైపు. కింద నీళ్ళు.

“తోసేస్తున్నాడే! నీళ్ళలోకి తోసేస్తున్నాడే మనల్ని!”

కళ్ళు గట్టిగా మూసుకుంది.

కారు నెమ్మదిగా ఆగింది.

కళ్ళు తెరిచి చూస్తే, గోడవారగా భద్రంగా ఉన్నారు. లారీలు పక్కనుంచి దూసుకుపోతున్నాయి.

వెనక మూత తిరిగిన చప్పుడు. ఎంతోసేపు ఊపిరి బిగబట్టిన మనిషి ఒక్కసారిగా పీల్చుకున్నట్టు టాంకు ‘స్స్‌స్’ మంది.

కూతురు తాళం తిప్పింది. ఇంజను హాయిగా అందుకుంది.

ఆమె వెనక అద్దంలోంచి చూసింది. డిక్కీ మీద రెండు పొరల పాల కవరు. గాలికి ఎగిరిపోకుండా దాని మీద చిన్న రాయి.

తలుపు తియ్యబోయింది. తొందరలో తను నొక్కిన లాకే చేతికి దొరకలేదు. ఒళ్ళో క్యారియరు ఇంకా వెచ్చగానే ఉంది.

కూతురు అద్దంలో చూస్తూ అంది: “అదేంటమ్మా, రోజూ కిటికీ దగ్గరకొచ్చి ‘జాగ్రత్త తల్లీ’ అనందే కదలని బాబాయ్, ఇవాళ ఇటు తల తిప్పైనా చూడకుండా వెళ్ళిపోతున్నాడు?”