మగ్గం ఫొటోలు

యమున స్నానం చేసి వచ్చేసరికి సుధ మగ్గం మీదికి వంగి ఫోన్లో ఫొటోలు తీస్తోంది.

పట్టు పడుగు దారాలకు ఒకటి. డిజైను వేసే జకార్డు అట్టలకు ఒకటి. సగం నేసిన చీర అంచుకు దగ్గరగా ఇంకొకటి.

యమున గబగబా దగ్గరికి వచ్చింది.

"ఏమే, ఏం చేస్తాండావు?"

సుధ ఉలిక్కిపడి ఫోన్ దాచుకుంది. "ఏం లేదక్కా. చెప్తే తిడతావు."

చెప్తే తిడతానా! అంటే తిట్టాల్సిన పనే చేస్తోందన్నమాట.

ధర్మవరంలో మగ్గం మీది చీరను ఊరికే ఎవరైనా ఫొటో తీస్తారా? "కొత్త డిజైనమ్మా, ఎవరికీ చూపొద్దు" అని మార్కండేయులు షావుకారు పదిసార్లు చెప్పి మరీ ఇచ్చాడు ఆ చిలకల అంచు. అది బయటికి పొక్కితే ఇంక ఆయన నేయడానికి పట్టు ఇవ్వడు. పట్టు లేకపోతే యమునకు పొయ్యి వెలగదు.

సుధ మడకశిర పిల్ల. మందుల షాపులో పని. ఒక్కదానికే బాడుగ భారమై, మూడు నెలల కింద యమునే ఆమెను ఇంట్లో చేర్చుకుంది.

వచ్చిన వారానికే ఆ పిల్ల ఒక వింత మాట తెచ్చింది.

"అక్కా, బాడుగ ఇంట్లో ఉండేవాళ్లు గూడా సామాన్లకు ఇన్సూరెన్స్ చేసుకోవచ్చంట. ఇద్దరివీ కలిపి చేద్దామా? దుడ్లు నేనే కడతాలే."

"ఇల్లు ఓనరుది. ఏమన్నా అయితే ఆయప్ప చూసుకుంటాడు. అయినా ఇన్సూరెన్సంటే మనిషి సస్తే వచ్చేది. పొద్దున్నే ఆ పాడు మాటలేందే?"

సుధ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఫొటోలు తీసిన పదిరోజులకు యమున పనిమీద హిందూపురం పోయింది. బజారులో ఒక షాపు అద్దాల వెనక చీర వేలాడుతోంది. అదే చిలకల అంచు!

ఇంక ఆగుతుందా? దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చింది. సుధ సంచి తీసి వీధిలోకి విసిరింది.

"నా నోటికాడ కూడు తీసి అమ్ముకున్యావు కదే!"

"అక్కా, ఒక్క మాట..."

"నీ మొగం నాకు చూపించొద్దు. పో!"

వీధి వీధంతా చూసింది. సుధ సంచి తీసుకుని, కళ్లు తుడుచుకుంటూ పోయింది.

ఐదు రోజులకు యమున పెనుకొండలో అవ్వను చూసొద్దామని పోయింది. అదే రోజు ధర్మవరంలో కుండపోత వాన. వీధి కాలువ మోరీ పొంగి నీళ్లు మగ్గం గుంత నిండి పైకెక్కాయి. తిరిగొచ్చి చూస్తే చీర, పడుగు, కిందికి వేలాడే అట్టలు అన్నీ బురదే.

మార్కండేయులు వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"పట్టు నష్టం నువ్వే కట్టాలమ్మా. కట్టేదాకా కొత్త పడుగు ఇయ్యలేను. ఇంకా నయం, ఇదే అంచు మూడు మగ్గాల మింద ఏసినాను. ఆ చీరలు హిందూపురానికి గూడా పంపిస్తి."



"మూడు మగ్గాలా? ఎవరికీ చూపొద్దంటివి కదా షావుకారూ!"

"వేరే షావుకార్లకు చూపొద్దంటి. నా మగ్గాలు నావే గదా."

అయ్యో! ఏ పాపం ఎరగని పిల్లను ఎంత మాట అనేసింది! అప్పటికప్పుడు సుధకు ఫోన్ చేసింది. పలకలేదు. మందుల షాపులో అడిగితే, పని మానేసి బెంగళూరు పోయిందన్నారు. రెండు రోజులు యమున ఫోన్ చేస్తూనే ఉంది.

మూడో రోజు ఒకాయన వచ్చి తలుపు కొట్టాడు.

"యమునమ్మంటే మీరేనా? నా పేరు చంద్రమోహన్. ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి వచ్చినా. ఈ ఇంట్లో సామాన్లకు పాలసీ ఉండాది. మీ వీధిలోకి నీళ్లు వచ్చినాయని తెలిసి సుధమ్మ బెంగళూరు నుంచి ఫోన్ చేసింది."

ఆయన చూపించిన ఫోన్లో పడుగు. అట్టలు. చీర అంచు. సుధ తీసిన ఫొటోలే. పాలసీ కోసం తీసినవి.

 యమున కళ్లొత్తుకుంది.

"సార్, మీకు అబద్ధం చెప్పను. ఆ పిల్ల ఇప్పుడు ఈడ లేదు. చెయ్యని తప్పుకు నేనే ఎల్లగొట్టినా. పాలసీ చేసిన మనిషిని ఇంట్లో లేకుండా చేసి ఇప్పుడు దుడ్లు తీసుకుంటే నాకు చెల్లుతుందా?"

"చెల్లదమ్మా. పాలసీ ఎవరి పేర ఉంటే వాళ్లు ఇల్లు ఖాళీ చేసినాక, వాళ్లతో ఉండేవాళ్లకు ఏమీ రాదు."

"నాకు కావాల్సిందే సార్. బాగా అయింది నాకు."

"ఉండమ్మా, పూర్తిగా ఇను. ఇదే మాట ఆయమ్మకూ చెప్పినా. పోయిన వారం బుధవారం సాయంత్రం మా ఆఫీసుకు వచ్చింది. ఊరు విడిచి పోతాండాననింది. తన పేరు తీసేసి పాలసీ మీ పేరుకు మార్పించేదాకా ఆడనుంచి కదల్లేదు."

యమున ఆ పిల్లను వీధిలోకి గెంటింది ఆ బుధవారం మధ్యాహ్నమే.