కడదాకా చూసిన మనిషి

పెన్న పొంగి హైవే మీద లారీలు నిలిచిపోయిన ఏడు అది. వరద తగ్గి, బురద ఎండిన తర్వాతి మాట.

సముద్రం పక్క ఊరు. ఆ ఊరి పిల్ల ఎవాంజెలిన్ మద్రాసు పోయి డాన్సు నేర్చుకుంది. మామూలు డాన్సు కాదు. పాట ఉండదు. గజ్జెలు ఉండవు. నవ్వు అసలే ఉండదు. ఒక్కతే చేస్తుంది. ఒంటరితనం గురించి చేస్తుంది. పేరు కూడా ‘ఒంటరి’ అనే పెట్టింది.

ఊళ్లో మొదటిసారి కోతపండుగ నాడు చేసింది, చర్చి హాల్లో. నేల మీద పడి గిలగిల కొట్టుకునే చోటికి రాగానే పాస్టరు గారు పరుగున వచ్చి ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన అందుకున్నారు. జనం ఆమెన్ అన్నారు. డాన్సు అక్కడితో సరి.

రెండోసారి కావలిలో, చుట్టాల పెళ్లి విందులో. ఐస్‌క్రీమ్ పెడుతున్నారని ఎవరో అన్నారు. హాలు ఖాళీ.

తల్లి ఎలిశబెతుకు ఓపిక అయిపోయింది.

“కావలి స్కూలోళ్లకి డాన్సు టీచరు కావాలంట. యానివర్సరీకి పిల్లకాయలకి స్టెప్పులు నేర్పిచ్చే పని. పోయి చేరు.”

“నేను స్టెప్పులు నేర్పను మా.”

“అట్టయితే ఇదే ఆఖరు తూరి. చుట్టాలు కాకుండా ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి నీ ఒంటరితనాన్ని కడదాకా కూర్చోని చూడనీ. నీ ఇష్టమొచ్చినట్టు బతుకు. లేదంటే కావలి బస్సెక్కాల.”

“ఎక్కుతా.”

హాలు ఇచ్చేది లేదని చర్చి పెద్దలు చెప్పేశారు. ఎవాంజెలిన్ పోయి సంజీవరావు రొయ్యల గుంటల గట్టు అడిగింది. వెడల్పాటి గట్టు. వెనక సముద్రం. చుట్టూ ఇల్లూ వాకిలీ లేదు. ఒంటరితనానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది?

సంజీవరావు మాట తక్కువ మనిషి. వరదకు ఒక పంట మొత్తం సముద్రంలో కలిసిపోతే గట్టు మీద నిలబడి చూసి, ఇంటికి పోయి అన్నం తిన్నాడు. ఇప్పుడు మళ్లీ రొయ్యపిల్ల వేసుకున్నాడు.

“గట్టు తెగ్గొట్టకుంటే చాలు పాపా” అన్నాడు. అంతే.

ఆదివారం సాయంత్రం జనం బాగానే వచ్చారు. సంజీవరావు కూడా ఒక పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఎవాంజెలిన్ రెండు చేతులకూ పొడవాటి నల్లగుడ్డ కట్టుకుని గట్టెక్కింది. చేతులు చాపింది. గుడ్డ గాలికి పటపటా కొట్టుకుంది. ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తింది. పడింది. లేచింది. మొహం పైకెత్తి ఒక్క అరుపు అరిచింది.

వెనక వరసలో ఒకాయన చెప్పులు వెతుక్కున్నాడు.

“ఏందమ్మే, పాపకి కాల్లో ముల్లేమన్నా గుచ్చుకునిందా?” అంది పక్కింటి ఆనందకుమారి.

“ముల్లు కాదక్కా. ఒంటరితనం” అంది ఎలిశబెతు.

“పెండ్లి చెయ్యరాదా, అదే పోద్ది!”

రెండో అరుపు వినిపించింది. కుళాయి వచ్చే వేళయిందని ఆనందకుమారి లేచింది. ఆమె వెనకే ఆడవాళ్లంతా లేచారు. మగవాళ్లు టీ తాగి వస్తామన్నారు. టీకొట్టు ఊళ్లో ఉంది. పోయినవాళ్లు పోయినట్టే.

ఎలిశబెతు మనసులో కావలి బస్సు టైము చూసుకుంటూ కుర్చీల వైపు తిరిగింది. ఒక కుర్చీలో మనిషి ఉన్నాడు.

సంజీవరావు. నోరు తెరుచుకుని ఉన్నాడు. రెప్ప వేయడం లేదు. ఎవాంజెలిన్ ఎటు పరుగెత్తితే ఆయన తల అటు తిరుగుతోంది. మూడో అరుపుకు ఆయన ఆకాశంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పైగుడ్డతో కళ్లు ఒత్తుకున్నాడు.

డాన్సు అయిపోయింది. ఎవాంజెలిన్ రొప్పుతూ వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇంకోతూరి చేస్తావా పాపా?” అన్నాడు సంజీవరావు.

ఇంతవరకూ ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

“ఇప్పుడా అంకుల్?”

“ఆ దక్షిణం గట్టు మీద. ఈడ బాగుండాది. ఆడ కూడా చూడాల.”

చేసింది. ఆయన వెంట నడిచి మరీ చూశాడు.

“ఆ అరుపు ఉండాదే, అది ఇంకొంచెం గట్టిగా రావాల.”

“అది అరుపు కాదంకుల్. వేదన.”

“అదే. వేదన ఇంకొంచెం ఎక్కువ పెట్టు.”

ఎవాంజెలిన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీకు అర్థమైందా అంకుల్?”

“నాకెందుకులే పాపా. కావాల్సినోళ్లకి అయింది.”

ఎలిశబెతు తల దించుకుంది.

“రోజూ తెల్లారతానే వచ్చి చెయ్యాల. మళ్లా పొద్దుగూకే ముందర. నెల జీతమిస్తా.”

“ఆ వేళప్పుడు చూసేదానికి ఎవరుంటారు అంకుల్?”

“ఒక్కరు కూడా ఉండగూడదు. అయినా నువ్వు ఆపగూడదు.”

ఒంటరితనం గురించి ఇంత లోతైన మాట మద్రాసులో గురువు కూడా చెప్పలేదు. ఎవాంజెలిన్ వంగి ఆయన కాళ్లకు దండం పెట్టబోయింది. ఆయన వెనక్కి జరిగి, గట్టు జాగ్రత్త అన్నాడు.

“గెలిచినావు పో” అంది ఎలిశబెతు దారిలో. “కావలోళ్లకి రాదని చెప్తాలే. ఆ మనిషిలో ఇంత ఉండాదని ఎవురనుకున్నారు!”

మర్నాడు పొద్దున్నే సంజీవరావు గుంటల కాపలా మాలకొండయ్యను పిలిచి, నువ్వు రోజూ వాయించే ఆ రేకుడబ్బా ఇక పక్కన పెట్టి మేత చల్లే పని చూసుకో, రొయ్యల్ని మింగే నీటికాకుల్ని తోలేదానికి నీకంటే మంచి మనిషి దొరికింది అని చెప్పాడు.