ఐదింటిదాకా తలుపు తియ్యను

ఒంటిగది కౌంటీ కచేరీ తలుపుకు ఆల్మా ట్రూప్ లోపల గడియ పెట్టింది. కిటికీ చెక్కలు మూసేసింది. దీపం వెలిగించింది. అప్పుడు ఉదయం తొమ్మిది.

"పిన్నీ, తలుపు తియ్యి!" బయట ఎజ్రా కేక. అక్క కొడుకే. కాపురం మాత్రం మూడు మైళ్ళ అవతల, లిండెన్‌లో.

"ఐదింటిదాకా తియ్యను. అప్పటికి మా ఊరివాళ్ళు వచ్చేస్తారు."

"సరే. ఐదింటిదాకా ఆగుతాం."

డకోటాలో ఆ కౌంటీకి కేంద్రం ఏ ఊరు కావాలన్న ఎన్నికలో గెలిచింది తామేనని ఇటు బ్రాంటన్, అటు లిండెన్, రెండు ఊళ్ళూ అంటున్నాయి. పెళ్ళిళ్ళూ, పొలాలూ నమోదయ్యే రిజిస్టర్లు ఎక్కడుంటే కేంద్రం అక్కడే. అది పోతే బ్రాంటన్‌లో మిగిలేది గాలీ, గడ్డీ. బ్రాంటన్ మగవాళ్ళంతా రైలు పట్టాల మీద మంచు తవ్వడానికి పోయిన రోజు చూసుకుని వచ్చారు లిండెన్ వాళ్ళు, నలభైమంది.

రిజిస్టర్లు నాలుగు. మొదటి రెండూ ఆల్మా భర్త చేతిరాత. ఆయన పోయి పది నెలలు. "ఒక్క కాగితం కూడా ఈ గది దాటకూడదు" అనేవాడు. అందుకే రిజిస్టర్లు రాసే ఆయన ఉద్యోగం తనే అడిగి తీసుకుంది.

నేల కింద దబదబ చప్పుళ్ళు మొదలయ్యాయి. నేల పగలగొట్టి వస్తారు కాబోలని, రిజిస్టర్లున్న ఇనపపెట్టెను గది మధ్యకు లాగి దాని మీద కూర్చుంది. బయట ఎడ్లను అదిలిస్తున్నారు. బళ్ళు కూడా సిద్ధం చేసుకున్నారన్నమాట!

చెక్క గోడలు కిర్రుమన్నాయి. సిరాబుడ్డి బల్ల మీంచి జారిపడింది.

"గోడలు ఊపితే బెదిరిపోతాననుకున్నావుట్రా?"

"గట్టిగా పట్టుకు కూర్చో పిన్నీ!"

"నీ పెళ్ళి కాగితం నా చేతిలో ఉంది. చింపానంటే రేపట్నించి నీ పెళ్ళామెవరో, నువ్వెవరో!"

"అంత అదృష్టమా!"

బయట అందరూ గొల్లుమన్నారు.

మధ్యాహ్నం రొట్టె తింది. ఊపులు ఆగలేదు. ఒకసారి గది పక్కకు ఒరిగినట్టే అయింది. భర్త రాసిన రిజిస్టర్లు రెండూ పెట్టెలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తలుపు జోలికి మాత్రం ఎవరూ రాలేదు.

నాలుగున్నరకు అంతా సద్దుమణిగింది.

"అలిసిపోయార్రా?"

"చచ్చేట్టు అలిసిపోయాం పిన్నీ. నీ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో."

ఐదు కొట్టింది. నాలుగు రిజిస్టర్లూ భద్రంగా ఉన్నాయి. ఆల్మా శాలువా కప్పుకుని, తలెత్తుకుని తలుపు తీసింది.

గుమ్మం ముందు లిండెన్ బజారు ఉంది, అడుగున దుంగలు పెట్టి కచేరీని మంచు మీద ఈడ్చుకొచ్చిన ఇరవై జతల ఎడ్లు ఆవిర్లు కక్కుతూ నిలబడి ఉన్నాయి.