ఎర్ర లైటు కింద ఇస్తారి కాలు

నరేశ్ స్విచ్చి వేశాడు. చిన్న గది ఒక్కసారిగా ఎర్రబడింది. గోడ మీది క్యాలెండరు, మంచం కింది చెంబు, మంచం మీది బాపు, అంతా ఒకటే రంగు. ఆ రంగులో బాపు కాలి పుండు ఎంత ఎర్రగా ఉందో మాత్రం కనిపించదు.

"ఎర్ర లైటు ఏస్తివి గదరా, ఇగ బండి ఆగుడే," అన్నాడు ఇస్తారి.

"కొత్త తోలు జల్ది వస్తదట బాపు."

"ఉన్న తోలే ఎక్కువైంది. బాయిల బొగ్గు టబ్బులు తోలి తోలి తోలు మందమైంది. గీ వెలుగు కండ్లకు మంచిది గాదంట, మీరు బయటికి పోయి తలుపు దగ్గరికెయ్యుండ్రి."

నరేశ్, వాళ్లవ్వ మల్లక్క బయటికి నడిచారు.

ఇస్తారి పేరుకు తగ్గ మనిషి. ఎవరేమడిగినా ఇస్తాడు. ఇచ్చి ఇచ్చి చివరికి తిని లేచిన ఇస్తరాకులా తాను ఖాళీగా మిగులుతాడు. బొగ్గు బాయిలో ఇనుప రేకు తగిలి పాదం మీద ఓ గీత పడింది. ఒంట్లో షుగరుంది. గీత కాస్తా తలరాతై కూర్చుంది.

లైటు తెచ్చింది నరేశే. ఊళ్లో బ్యూటీ పార్లర్ నడిపే శ్యామల ముఖాలు మెరిపించే ఎర్ర లైటు గాయాలను కూడా మాన్పుతుందని ఎవరో చెబితే, కరీంనగర్ పోయి ఒకటి కొనుక్కొచ్చాడు. "మందులు ఆపొద్దు. లైటు పెడితే పెట్టుకోండి," అన్నాడు ఆసుపత్రి డాక్టరు.

మొదట్లో పుండు ఎండింది. అంచుల్లో లేత గులాబి తోలు పాకింది. ఆ తర్వాతే పుండుకు బుద్ధి మారింది. పొద్దున పక్కు కట్టేది. సాయంత్రం లైటు పెట్టడం అయ్యేసరికి నెత్తురు కారేది. నరేశ్ కడిగి, మందు రాసి, కట్టు కట్టేవాడు. తెల్లారితే మళ్లీ పక్కు, పొద్దుగూకితే మళ్లీ నెత్తురు. పుండు లోతైంది. గదిలో వాసన మొదలైంది.

"ఇట్లనే లోపలికి పోతే మోకాలి కిందికి తీసెయ్యాల్సొస్తది," అన్నాడు డాక్టరు.

పక్క క్వార్టర్ శంకరవ్వ చాట పట్టుకొని వచ్చి గడప మీద కూర్చుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ మాటల్లో రాళ్లు కలపడం ఆవిడ విద్య.

"కంపెనీ మెడికల్ బోర్డుకు ఎప్పుడు రమ్మన్నరే?"

"వచ్చే నెల," అంది మల్లక్క.

"రిటైరు కాకముందే బోర్డోళ్లు అన్‌ఫిట్ అన్నరనుకో, నరేశుకు వాళ్ల బాపు జాగల బాయి నౌకరి. పుండు మానిందనుకో, మొగడు డ్యూటీకి, కొడుకు అరుగు మీదికి. నీ కొడుకు తన కాళ్ల మీద నిలవడాల్నంటే నీ మొగని కాలు పోవాలె పిల్లా. లైటు పెట్టేదెవరు, కట్టు కట్టేదెవరు? నేనైతే ఏమనలే."

ఏమీ అనలేదంటూనే అనాల్సిందంతా అని, చాట దులుపుకొని వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి మల్లక్క కండ్లు కొడుకు చేతుల మీదే ఉన్నాయి. డిగ్రీ చదివిన చేతులు. ఎక్కడా పని దొరకని చేతులు. ఓ సాయంత్రం కట్టు కడుతూ నరేశ్ మెల్లగా అడగడం ఆమె చెవిన పడింది.

"బోర్డు తారీకు ఖాయమైందా బాపు?"

మల్లక్క తలుపు దగ్గరికి జరిగింది. తలుపు సందులోంచి ఎర్ర వెలుగు ఆమె కాళ్ల దాకా పారుతోంది.

నరేశ్ బయటికొచ్చి నల్లా కింద చేతులు కడుక్కుంటున్నాడు. తొట్టిలో నీళ్లు ఎర్రగా తిరుగుతున్నాయి.

"గీ చేతులతోని బాపు కాలుకు ఏం జేస్తున్నవురా?"

"కడుగుతున్న అవ్వా."

"కడుగుతున్నవా, కొరుకుతున్నవా? పొద్దున మానిన పుండు నీ చెయ్యి వడంగనే ఎందుకు పలుగుతుంది? నౌకరి కోసం కన్న తండ్రి కాలు తింటవారా?"

నరేశ్ నల్లా కట్టెయ్యడం మరిచిపోయాడు.

"నాకు బాయి నౌకరి వద్దని ఎన్నిసార్లు చెప్పిన అవ్వా?"

"వద్దన్నోడే ముందుగాల ఉరుకుతడు. ఇగ నువ్వు ఆ కాలు ముట్టకు."

నరేశ్ రెండు అంగీలు సంచిలో కుక్కుకొని, చొప్పదండిలోని చిన్నవ్వ ఇంటికి బస్సెక్కాడు.

మల్లక్క లోపలికి పోయేసరికి ఇస్తారి గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"వాన్నెందుకు ఎల్లగొడ్తివే? వాడేం జేసిండు?"

"నీకు తెల్వదు. నువ్వు ఊకో."

"లైట్ తీస్కోవే అంటే ఇనకపోతివి," అన్నాడు. లైటు కొన్నప్పటి నుంచి ఆ పరాచికానికి ఇల్లంతా నవ్వేది. ఈసారి అన్నవాడు కూడా నవ్వలేదు.

మరునాటి నుంచి అన్నీ మల్లక్కే. తెల్లారి కట్టు విప్పి చూస్తే పక్కు గట్టిగా కట్టి ఉంది. వాసన కూడా తగ్గినట్టే అనిపించింది. ఇంకో చెయ్యి పడకుంటే చాలు, కాలు దక్కుతుందనుకుంది. కడుపున పుట్టినవాణ్ణి తిట్టి పంపిన బాధను ఆ పక్కు మీదే కప్పిపెట్టింది.

సాయంత్రం తానే లైటు వేసింది. ఇస్తారి చెప్పకముందే బయటికొచ్చి తలుపు దగ్గరికేసింది. పొయ్యి మీద చాయ్ మరిగింది. చల్లారితే ముట్టడు గదా అని గ్లాసు పట్టుకొని వెళ్లి, మోచేత్తో తలుపు మెల్లగా తోసింది.

ఎర్రటి వెలుగులో ఇస్తారి, తువ్వాల పండ్ల మధ్య బిగబట్టి, పొద్దున కట్టిన పక్కును గోటితో లేపుకుంటున్నాడు.