ఆరున్నర శ్రుతి

పై షడ్జం దగ్గర, ఆ పై 'సా' అందక, జ్యోత్స్న గొంతు మళ్ళీ చీలిపోయింది. పిల్ల దగ్గి, తల దించుకుంది.

"ఇంకోసారి. శ్రుతిపెట్టె వింటూ పాడు," అంది నాగలత.

"వద్దు మేడం," అంది గుమ్మంలోంచి సోమ్లి. మిల్లులో పని ముగించుకుని కూతురి కోసం వచ్చింది. "ఇంటికొచ్చి గొంతు నొస్తున్నదని ఏడుస్తున్నది. రేపటి సంది పంపను. ఏమనుకోకుండ్రి."

సారపాకలో నాగలత దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లల్లో మిగిలింది జ్యోత్స్న ఒక్కతే. తక్కినవాళ్ళూ ఇదే మాట చెప్పి మానేశారు.

"మేడం, సా అందరికీ ఒక్కకాడనే ఉంటదా?" అడిగింది జ్యోత్స్న.

"లేదమ్మా. ఎవరి గొంతుకు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడే వాళ్ళ సా."

"మరి గీ పెట్టెల సా ఎవరిది?"



"మా సాయిప్రియది," అంది నాగలత. "నా కూతురు. జ్వరమొచ్చి పోయింది. ఆరున్నర శ్రుతికి, అంత ఎత్తులో పాడేది. తను పోయాక నేను దాన్ని మార్చలేదు."

సోమ్లి లోపలికి వచ్చి బిడ్డ పక్కన కూర్చుంది.

శ్రుతి తగ్గించే బటన్ మీద నాగలత వేలు పెట్టింది. నొక్కింది. ఆరు. ఐదున్నర. ఐదు. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ మోగిన నాదం పోయి, కొత్తది మొదలైంది.

"ఇప్పుడు పాడమ్మా."

జ్యోత్స్న పాడింది. పై షడ్జం శ్రమ లేకుండా అందింది. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని వినే నాగలత, ఈసారి ఆ పిల్ల ముఖం చూస్తూ విన్నది.